సెకనుకి పది

మా ఇంట్లో బీరువా పై అరలో, పెళ్ళి ఆల్బం కింద, ఒక పాత కాగితాల మడత ఉంది. ఒకదాని మీద ఒకటి పడేలా విసనకర్రలాగా మడతలు పడిన పొడుగాటి కాగితం. దాని మీద పై నుంచి కిందికి ఎనిమిది వరసల్లో సిరా గీతలు. ఇప్పుడు సిరా వెలిసిపోయి గోధుమరంగులోకి వచ్చింది. మూలల్లో పురుగు కూడా పట్టింది. ఇల్లు మారినప్పుడల్లా మా ఆయన "ఇదెందుకు ఇంకా?" అని అడుగుతాడు. నేను జవాబు చెప్పకుండా మళ్ళీ ఆల్బం కింద పెడతాను.

అది మా నాన్న మెదడు. 1997 నాటిది.

అప్పుడు నేను గుంటూరులో ఈఈజీ టెక్నీషియన్ పని నేర్చుకుంటున్నాను. "పేషెంటు తల ముట్టుకునే ముందు పదిమంది ఆరోగ్యవంతుల రికార్డులు తియ్యి. మామూలు మనిషి ఎలా ఉంటాడో తెలియకపోతే రోగం ఎలా ఉంటుందో నీకేం తెలుస్తుంది?" అన్నారు మాకు నేర్పిన సార్. హాస్టల్లో నలుగురు స్నేహితురాళ్ళు ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఎవరూ దొరకలేదు. అమ్మనడిగితే "తలకి కరెంటు పెట్టించుకోవడానికి నాకేం ఖర్మ" అంది. చివరికి నాన్న వచ్చాడు. ఆర్టీసీలో కండక్టరు. నైట్‌హాల్టు డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే, చంకలో తోలు సంచితో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

టేపుతో తల కొలిచి, ఎర్ర పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, పేస్టు రాసి ఒక్కో ఎలక్ట్రోడూ అతికిస్తున్నాను. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక దాకా కొలిచి, ఆ దూరాన్ని పది శాతం, ఇరవై శాతం చొప్పున విడదీసి పెడతాం కాబట్టి దాన్ని టెన్-ట్వంటీ పద్ధతి అంటారు. హెర్బర్ట్ జాస్పర్ అనే ఆయన 1958లో స్థిరపరిచిన పద్ధతి. ప్రపంచంలో ఏ ఊళ్ళో తీసినా అవే చోట్లు. నాకు ఆ రోజు ముప్పావు గంట పట్టింది. నాన్న ఓపిగ్గా తల ఒంచి కూర్చున్నాడు.

"కరెంటు కొడుతుందా అమ్మాయ్?"

"మనమేం ఇవ్వం నాన్నా. నీ తలలో ఉన్నదే తీసుకుంటాం."

"నా తలలోనే కరెంటు ఉంటే నెలనెలా బిల్లెందుకు కడుతున్నట్టు?" అని తన జోక్‌కి తనే పకపకా నవ్వాడు. పెన్నులన్నీ ఒక్కసారిగా పైకీ కిందకీ కొట్టుకుని కాగితం నల్లబడింది. నవ్వితే నుదురూ దవడా కదులుతాయి. కండరాల కరెంటు మెదడు కరెంటు కంటే చాలా పెద్దది, దాన్ని ముంచేస్తుంది. అలాంటప్పుడు పక్కన కారణం రాయాలి, లేకపోతే రిపోర్టు రాసే డాక్టరు మోసపోతారు. ఏ మాటతో రాయాలో తెలీక నేను తెలుగులో "నాన్న నవ్వాడు" అని రాశాను. సార్ చూసి చీవాట్లు పెట్టారు. ఆ మాట ఇప్పటికీ ఆ కాగితం మీద ఉంది.

తర్వాత కళ్ళు మూసుకోమన్నాను. పెన్నులు సర్దుకున్నాయి. తల వెనక భాగం నుంచి వచ్చే వరసల్లో చక్కటి అలలు మొదలయ్యాయి. కాగితం సెకనుకి మూడు సెంటీమీటర్లు నడుస్తుంది. ఆ మూడు సెంటీమీటర్లలో ఎన్ని అలలున్నాయో లెక్కపెట్టాను. పది. పక్క సెకనులోనూ పదే. "కళ్ళు తెరువు నాన్నా" అన్నాను. అలలు మాయం. "మూసుకో." మళ్ళీ పది.

"పదంటే మంచిదేనా?"

"ఫస్ట్ క్లాసు నాన్నా."

తర్వాత చాలా రోజులు డిపోలో కనబడిన వాళ్ళందరికీ "నా బుర్ర సెకనుకి పది" అని చెప్పుకున్నాడట.

*

ఆ అలల్ని మనిషి తల మీద నుంచి మొదటిసారి పట్టుకున్నది హాన్స్ బెర్గర్. జర్మనీలో యేనా అనే ఊళ్ళో మానసిక వైద్యుడు. ఆయన ఈ దారి పట్టడానికి వెనక ఒక కథ ఉంది. యువకుడిగా సైన్యంలో ఉన్నప్పుడు గుర్రం మీద నుంచి పడిపోయి, ఫిరంగి బండి చక్రాల కింద పడబోయి తప్పించుకున్నాడు. ఆ సాయంత్రమే ఇంటి నుంచి టెలిగ్రాం, ఎలా ఉన్నావని. ఎక్కడో ఉన్న అక్కకి తమ్ముడికేదో జరిగిందని మనసులో కీడు తోచి తండ్రితో ఇప్పించిందట. ఒక మనసులో భయం ఇంకో మనసుకి ఎలా చేరింది? ఆ శక్తేదో కొలవాలని ఆయన ఏళ్ళ తరబడి ఒంటరిగా, దాదాపు రహస్యంగా పనిచేశాడు. 1924లో మొదటి రికార్డింగ్ తీశాడు. 1929లో గానీ ప్రచురించలేదు. చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అదే ప్రయోగం చేసి అవునన్నాక లోకం ఒప్పుకుంది.

టెలిగ్రాం వెనక ఉన్న శక్తి ఆయనకి దొరకలేదు. దొరికింది కోటిలో యాభై వంతో, నూరు వంతో కాదు, వోల్టులో పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక యాభై భాగాలంత చిన్న కరెంటు. టార్చిలైటు సెల్లులో ముప్ఫై వేలో వంతు. కళ్ళు మూసుకున్నప్పుడు వచ్చే ఆ ఎనిమిది నుంచి పదమూడు దాకా ఉండే అలలకి ఆల్ఫా అని పేరు పెట్టింది ఆయనే. తన కొడుకు క్లౌస్‌ని కూర్చోబెట్టి ఎన్నోసార్లు రికార్డు తీశాడు. పాపం ఆయనకీ ఆరోగ్యవంతులు దొరకలేదేమో అనుకుంటాను.

నెమ్మది అలల సంగతి తర్వాత వచ్చింది. 1936లో ఇంగ్లండులో గ్రే వాల్టర్ అనే ఆయన మెదడులో గడ్డ ఉన్నవాళ్ళ రికార్డుల్లో ఒక విషయం చూపించాడు. గడ్డ ఉన్న చోటి చుట్టుపక్కల అలలు సెకనుకి మూడో రెండో మాత్రమే వస్తున్నాయి. వాటికి డెల్టా అని పేరు. స్కానింగులు ఇంకో ముప్ఫై అయిదేళ్ళకి గానీ రాలేదు. ఆ రోజుల్లో పుర్రె తెరవకుండా గడ్డ ఎటువైపు ఉందో చెప్పగలగడం చిన్న విషయం కాదు. చిత్రమేమిటంటే గడ్డకి సొంత అలలు లేవు, అది మూగది. అలలు వచ్చేది చుట్టూ ఉన్న బతికున్న మెదడు నుంచి. లోపలి నుంచి రావలసిన తీగలు తెగిపోయి, వార్త అందక, ఆ భాగం తనలో తాను నెమ్మదిగా ఊగుతుంది.

నాలుగు కంటే తక్కువ డెల్టా. నాలుగు నుంచి ఎనిమిది లోపు థీటా. ఎనిమిది నుంచి పదమూడు ఆల్ఫా. ఆ పైన బీటా. ఇరవై ఆరేళ్ళు నేను ఈ నాలుగు పేర్ల మధ్యే బతికాను.

పేషెంటు బంధువులు మానిటర్ చూస్తుంటారు. డెల్టా అలలు ఎత్తుగా, గంభీరంగా ఉంటాయి. "బాగా వస్తున్నాయి కదమ్మా, ఇంతింత ఎత్తున!" అని ఒకసారి ఒక పెద్దాయన సంతోషపడ్డాడు. ఆయన భార్యకి లివర్ పాడైంది. మూడు మలుపులు తిరిగే అలలు తల ముందు నుంచి వెనక్కి వరసగా సాగుతున్నాయి. ట్రైఫేజిక్ అంటాం. లివరో కిడ్నీయో శుభ్రం చెయ్యవలసిన విషాలు మెదడుకి ఎక్కితే అవి కనిపిస్తాయి. ఎత్తు ఎక్కువంటే మెదడు బలంగా ఉందని కాదు. బస్టాండులో వందమంది ఎవరి పని వాళ్ళు చూసుకుంటూ ఎవరి మాట వాళ్ళు మాట్లాడుకుంటుంటే దూరానికి ఒక సన్నటి రొదే వినిపిస్తుంది. అందరూ పని మానేసి ఒకేసారి కాలు నేలకి కొడితే ఆ చప్పుడు ఊరంతా వినిపిస్తుంది. మెదడు పనిలో ఉన్నప్పుడు గీత చిన్నగా, వేగంగా ఉంటుంది. పని ఆగిపోయినప్పుడే పెద్ద పెద్ద అలలు.

అలాగని నెమ్మదంతా రోగమూ కాదు. గాఢ నిద్రలో మనందరికీ డెల్టాయే. పసిపిల్లలకి మెలకువలోనూ నెమ్మదే. మూడేళ్ళ పిల్లవాడికి తల వెనక ఎనిమిది వస్తే సంతోషిస్తాం. అందుకే గీత ఒక్కటే చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. మనిషి వయసెంత, మేలుకున్నాడా నిద్రపోయాడా, ఏ మందులు వాడుతున్నాడు, ఇవన్నీ పక్కన రాసి ఉండాలి. అది రాసేది టెక్నీషియన్. పేషెంటు కునుకు తీస్తుంటే చప్పట్లు కొట్టి, పేరు పెట్టి పిలిచి, లేపి, "మెలకువలో" అని నోట్ పెట్టేది మేమే. రిపోర్టు రాసే అధికారం మాకు లేదు. బయట బెంచీ మీద కూర్చున్న తల్లి "ఎలా వచ్చిందమ్మా?" అని అడిగితే "డాక్టరు గారు చెప్తారు" అనే ఒక్క మాటే మాది. తట్టు సోకిన కొన్నేళ్ళకి మెదడు జబ్బు చేసిన ఒక పిల్లాడి రికార్డులో, ప్రతి కొన్ని సెకన్లకీ గడియారం కొట్టినట్టు ఒక పెద్ద అలల గుంపు, దాంతోపాటే వాడి చెయ్యి ఒక్క ఉలికిపాటు. వాళ్ళమ్మకి కూడా ఆ మాటే చెప్పాను. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

*

2023 వేసవి. నాన్నకి డెబ్భై రెండు. అప్పటికి రెండేళ్ళుగా చిన్న చిన్న మరపులు. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో తెలీదు, ఒకే సంగతి రెండుసార్లు చెప్తాడు. మేం నవ్వుకునేవాళ్ళం. ఏప్రిల్లో కాళ్ళు వాచాయి. బీపీ మాత్రల వల్ల కావచ్చని, దాంతోపాటు నీరు తీసే మాత్ర ఒకటి కలిపారు. నేను ఆస్పత్రిలో పనిచేసేదాన్ని కదా, మా ఇంట్లో సగం డాక్టర్ని. కాళ్ళ వాపు చూసి వంటింట్లో ఉప్పు బంద్ చేశాను. పప్పులో లేదు, కూరలో లేదు, మజ్జిగలో లేదు. గోంగూర జాడీ, ఆవకాయ జాడీ పై అటక మీదకి ఎక్కించాను. "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అంటుందే ఉప్పు. ఈ గడ్డి ఎట్లా తినేది?" అని నాన్న కంచం ముందు నుంచి సగంలో లేచిపోయేవాడు. "ఎండలు మండుతున్నాయి, నీళ్ళన్నా బాగా తాగు" అని సీసా చేతికిచ్చేదాన్ని. తాగేవాడు. నా మాట వినేవాడు.

మే రెండో వారంలో మనిషి మారిపోయాడు. పగలంతా మగత. రాత్రి రెండింటికి లేచి హాల్లో తిరగడం. కుర్చీల మధ్య నడుస్తూ, లేని సంచిలో చెయ్యి పెట్టి, "టికెట్, టికెట్" అని అడగడం. అమ్మని "మీరు ఎక్కడ దిగాలండీ?" అన్నాడు. యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఆ మాటకి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

హైదరాబాదు నుంచి అన్నయ్య ఫోన్లో, "ముందే ఉంది కదా, ఇప్పుడు ముదిరింది. వాళ్ళ పెదనాన్నకీ ఇంతేగా. వయసమ్మా, ఏం చేస్తాం" అన్నాడు. అమ్మ గేటుకి తాళం వేయించింది. రాత్రిళ్ళు చూసుకోవడానికి మనిషిని మాట్లాడుకుందామన్నారు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నేనూ ఒప్పేసుకున్నాను. పేరు పెట్టేస్తే ఒక నిమ్మళం ఉంటుంది. మతిమరుపు జబ్బు. ఇక వెతకక్కర్లేదు.

మా ఆస్పత్రికే తీసుకెళ్ళాను. డాక్టరు గారు చూసి ఎమ్మారై, ఈఈజీ, రక్త పరీక్షలు రాశారు. ఎమ్మారైలో వయసుకి తగ్గట్టు మెదడు కొంచెం కుంచించుకుంది తప్ప గడ్డా లేదు, గాటూ లేదు. రక్తం రేపు పొద్దున్నే పరగడుపున ఇద్దాం, షుగరూ థైరాయిడూ అన్నీ ఒకేసారి అయిపోతాయి అనుకున్నాను. ఈఈజీకి మాత్రం మధ్యాహ్నం ఖాళీ ఉంది. జూనియర్ అమ్మాయి తీస్తానంది. "నాన్న నా దగ్గరయితేనే కదలకుండా ఉంటాడు" అని నేనే కూర్చున్నాను.

ముందురోజే తల రుద్ది, నూనె పెట్టకుండా ఉంచాను. తల కొలిచాను. అవే చోట్లు. వెంట్రుకలు పల్చబడ్డాయి కాబట్టి పావుగంటలో అయిపోయింది. నాన్న ఏమీ అడగలేదు. కరెంటు కొడుతుందా అని అడగలేదు.

మానిటర్ మీద గీతలు మొదలవగానే నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. అన్ని వరసల్లోనూ, ముందూ వెనకా, కుడీ ఎడమా తేడా లేకుండా, పెద్ద పెద్ద నెమ్మది అలలు. ఇప్పుడు కాగితం లేదు, తెర మీద సెకను సెకనుకీ నిలువు గీతలుంటాయి. రెండు గీతల మధ్య లెక్కపెట్టాను. నాలుగు. పక్క దాంట్లో అయిదు. ఆ పక్కన మూడే.

నిద్రపోయాడనుకున్నాను. అలా అనుకోవాలని ఎంత ఆశపడ్డానో! "నాన్నా" అన్నాను. కళ్ళు తెరిచాడు. అలలు మారలేదు. చప్పట్లు కొట్టాను. మారలేదు. "కళ్ళు మూసుకో నాన్నా." మూసుకున్నాడు. ఏమీ మారలేదు. "తెరువు." నా వైపే చూస్తున్నాడు. ఆ చూసే మనిషి వెనక గీత మాత్రం అలాగే, పాత చెరువులో నీళ్ళలా, సెకనుకి నాలుగు, అయిదు, నాలుగు. చేతులు చన్నీళ్ళలో పెట్టినట్టయ్యాయి. ఎవరికో రాసినట్టే నోట్ రాశాను: మెలకువలో ఉన్నారు. కళ్ళు తెరిచినా మూసినా పిలిచినా మార్పు లేదు.

ఇరవై నిమిషాలు పూర్తిగా తీశాను. ఆ ఇరవై నిమిషాల్లో ఒక సంగతి మెల్లగా నాకే తట్టింది. మతిమరుపు జబ్బువాళ్ళ రికార్డులు నేను వందల్లో తీశాను. వాటిల్లోనూ నెమ్మదే. కానీ మొదట్లో అది కొద్దికొద్దిగా వస్తుంది. తొమ్మిది ఎనిమిదవుతుంది, ఎనిమిది ఏడవుతుంది. ఇంకా ఇంట్లో అందరినీ పోల్చుకుంటున్న రోజుల్లో కొందరిది దాదాపు మామూలుగానే ఉంటుంది. నెల కిందట పేపరు చదివి నాకు వార్తలు చెప్పిన మనిషికి ఇంత నెమ్మది ఎలా వచ్చింది? ఇంత త్వరగా వచ్చింది వయసు కాదు.

పద్ధతి ప్రకారం రికార్డు కంప్యూటర్లో పంపి ఊరుకోవాలి. నేను లేచి డాక్టరు గారి గదికి వెళ్ళాను. ఓపీ నిండా జనం. ఆయన తెర మీద పేజీలు తిప్పారు. "మెలకువలోనే ఉన్నారా? నువ్వే చూశావా?" అని ఒక్కటే ప్రశ్న. "పిలిచాను సార్, కళ్ళు తెరిచారు. మారలేదు" అన్నాను.

"ఇది మతిమరుపు గ్రాఫ్ కాదమ్మా. మెదడుకి ఏదో అందట్లేదు, లేకపోతే ఏదో ఎక్కువవుతోంది. వేగం తగ్గిందని ఇది చెప్తుంది గానీ ఎందుకు తగ్గిందో చెప్పదు. రక్తం రేపు కాదు, ఇప్పుడే పంపించు."

గంటన్నరకి ల్యాబ్ నుంచి ఫోన్. సోడియం 114. ఉండాల్సింది 135 నుంచి 145.

సోడియం అంటే ఉప్పే.

*

డాక్టరు గారు నన్ను ఏమీ అనలేదు. నీరు తీసే ఆ మాత్ర ఉప్పునీ బయటికి పంపిస్తుందనీ, పెద్దవాళ్ళలో ఇది అరుదు కాదనీ, తిండి తగ్గి నీళ్ళు ఎక్కువైతే రక్తం పల్చబడిపోతుందనీ, ఆ నీరు మెదడు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయనీ చెప్పారు. మాత్ర మొదలుపెట్టాక ఒకసారి రక్తం చూసి ఉండాల్సిందన్నారు. నేను తల ఊపుతూ నా వంటింటి అటక మీదున్న జాడీల గురించి ఆలోచిస్తున్నాను. మాత్ర ఎవరో రాశారు. మిగతాదంతా నేనే చేశాను, ప్రేమతో, నాకు తెలుసన్న ధైర్యంతో.

ఐసీయూలో చేర్చారు. ఉప్పు నీళ్ళ సెలైను, అదీ చుక్కలు చుక్కలుగా. గబగబా ఎక్కించకూడదు. ఉప్పు లేకపోవడానికి అలవాటు పడిన మెదడుకి ఒక్కసారిగా ఎక్కిస్తే లోపలి తీగల మీది పొర దెబ్బతిని, కాళ్ళూ చేతులూ నోరూ పడిపోయే ప్రమాదం ఉంది. రోజుకి ఎనిమిది అంకెలకి మించి పెరగకుండా ఆరేసి గంటలకోసారి రక్తం తీసి చూశారు. 114, మర్నాటికి 121, తర్వాత 127. ఐసీయూ బయట కూర్చుని నేను ఆ అంకెల్ని జపంలా చేశాను. జన్మలో నేను వేగంగా వెళ్ళాలని కోరుకోని ప్రయాణం అదొక్కటే.

నాలుగో రోజు, సోడియం 132. లోపలికి వెళ్ళాను. నాన్న పైకప్పు వైపు చూస్తున్నాడు. నన్ను చూసి, "ఏమ్మా, అన్నం తిన్నావా?" అన్నాడు. బెడ్ రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చాక ఒక సాయంత్రం అడిగాను, ఆ రోజులు ఏమైనా గుర్తున్నాయా అని. చాలాసేపు ఆలోచించాడు. "బస్సు నిండా జనం అమ్మాయ్. అందరూ ఎక్కేశారు. నేను వెనక నుంచి రైట్ రైట్ అంటున్నా. బస్సు కదలదు. ముందుకెళ్ళి చూద్దామంటే జనంలోంచి దారి లేదు. ఎవరి మొహం చూసినా తెలిసినట్టే ఉంది, పేరు మాత్రం నోటికి రాదు. అరిచి అరిచి గొంతు పోయింది."

ఇరవై ఆరేళ్ళుగా ఆ పెద్ద అలల్ని నేను బయటి నుంచే చూశాను. పక్కన నోట్ రాశాను, సేవ్ చేశాను, తర్వాత పేషెంటుని పిలిచాను. లోపల ఒక మనిషి నిలబడి రైట్ రైట్ అని అరుస్తున్నాడేమో అన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. ఆ లివర్ పాడైన ఆవిడ, ఆ పిల్లాడు, ఇంకా ఎందరో. బయటికి వాళ్ళంతా మగతగా, ప్రశాంతంగా ఉన్నట్టే కనిపించేవాళ్ళు.

*

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఉప్పు తగ్గింది, ఉప్పు వేశాం, మనిషి తిరిగొచ్చాడు అని. అన్నయ్య అందరికీ అలాగే చెప్తాడు.

మూడు వారాలకి మళ్ళీ రికార్డు తీశాం. ఆ రోజు తల కొలుస్తుంటే నాన్న, "టేపు పట్టుకున్నావు, ఎంత కుట్టుకూలి?" అన్నాడు. అప్పుడే అనుకున్నాను, బాగానే వస్తుందని. కళ్ళు మూసుకోమన్నాను. తల వెనక అలలు వచ్చాయి. తెరవమంటే పోయాయి, మూస్తే వచ్చాయి. లెక్కపెట్టాను. ఎనిమిది. కొన్నిచోట్ల ఏడున్నర. మధ్యమధ్య కాసిని థీటా.

పది కాదు.

డాక్టరు గారు ఆ రికార్డు చూసి, "చాలా మెరుగు" అన్నారు. ఇంకొన్నాళ్ళలో ఇంకొంచెం పెరగవచ్చన్నారు. అప్పుడు నేను బీరువాలోంచి తెచ్చిన పాత కాగితం బల్ల మీద పరిచాను. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి తన ఆల్ఫా వేగం ఏళ్ళ తరబడి దాదాపు అలాగే ఉంటుంది, వయసుతో మహా అయితే కొంచెం తగ్గుతుంది. ఎనిమిదిని చూసి ఈ వయసుకి పర్లేదనేవాళ్ళం, పది చేతిలో లేకపోతే. "ఇంత పాత రికార్డు ఏ పేషెంటూ తేరు" అన్నారాయన. తర్వాత మెల్లగా, "ఉప్పు పడిపోయినప్పుడు అందరి మెదడూ ఇంత కుదేలవదు. కింద ఇంకేదో మొదలై ఉంటేనే ఇంత తేలిగ్గా మునుగుతుంది. ఆర్నెల్లకి జ్ఞాపకశక్తి పరీక్షలు చేయిద్దాం" అన్నారు.

చేయించాం. మొదలైంది. అన్నయ్య మాట పూర్తిగా తప్పేం కాదు. కానీ ఆ మే నెలలో అతని మాట విని ఊరుకుని ఉంటే నాన్న జూన్ చూసేవాడు కాదు. ఈ రెండు నిజాలనీ ఒకే చేతిలో పట్టుకోవడం నాకింకా అలవాటు కాలేదు.

రెండేళ్ళు దాటింది. ఇప్పుడు కంచంలో ఉప్పు ఉంది. వారానికి రెండుసార్లు గోంగూర, అదీ డాక్టరు చెప్పిన కొలతే. మూడు నెలలకోసారి రక్తం. సాయంత్రాలు వరండాలో కూర్చుని నాన్న చేత గుంటూరు నుంచి మాచర్ల దాకా స్టేజీలు చెప్పిస్తాను. పేరేచర్ల, మేడికొండూరు, సత్తెనపల్లి, రాజుపాలెం, పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల, మాచర్ల. ఒకప్పుడు తిరుగు ప్రయాణం కూడా గుక్కతిప్పుకోకుండా చెప్పేవాడు, ఎక్కడెక్కడ ఎస్సార్ రాయాలో, ఎక్కడ చిల్లర దొరకదో అన్నీ కలిపి. ఈ మధ్య సత్తెనపల్లి దాటాక ఆగుతున్నాడు. కళ్ళు మూసుకుంటాడు. నేను అందివ్వను. ఒక్కోసారి సెకన్లు లెక్కపెడుతూ కూర్చుంటాను, పాత అలవాటు. ఒక్కోసారి రాజుపాలెం వస్తుంది. ఒక్కోసారి బస్సు నేరుగా పిడుగురాళ్ళ వెళ్ళిపోతుంది. "ఎక్స్‌ప్రెస్ అమ్మాయ్, అక్కడ ఆగదు" అంటాడు.

పోయిన నెల మళ్ళీ ఈఈజీ రాశారు. ఈసారి జూనియర్ అమ్మాయిని తియ్యమన్నాను. నేను పక్కన స్టూలు మీద, పేషెంటు బంధువులు కూర్చునే చోట కూర్చున్నాను. తెర వైపు చూడలేదు, నాన్న మొహం వైపే చూశాను. ఆ అమ్మాయి పేస్టు రాస్తుంటే నాన్న మెల్లగా అడిగాడు.

"కరెంటు కొడుతుందా అమ్మా?"

"లేదు తాతగారూ. మీ తలలో ఉన్నదే తీసుకుంటాం."

ఒక క్షణం ఆగాడు. కనుబొమలు ముడిచి, ఎక్కడో వెతికాడు. నేను ఊపిరి బిగబట్టాను. తర్వాత నా వైపు తిరిగి, "మరి నెలనెలా బిల్లెందుకు కడుతున్నామే?" అని నవ్వడం మొదలుపెట్టాడు.

"తాతగారూ, కదలొద్దు, రికార్డు మొదలెట్టేశాను, మొత్తం పాడవుతుంది" అని ఆ అమ్మాయి కంగారుపడింది. కీబోర్డు మీద చేతులు పెట్టి నన్నడిగింది. "ఇక్కడ ఏం రాయను మేడం?"

ఏం రాయాలో చెప్పాను.